తోడేలు మనిషి నవల రాయడం ఎలా: మొదటి నోట్‌బుక్ నుంచి చివరి డ్రాఫ్ట్ దాకా

"వేర్‌వుల్ఫ్ సీరియల్ మొదలుపెట్టానండీ, పదో ఎపిసోడ్ దగ్గర ఆగిపోయా, ఏం చేయమంటారు" అని అడిగేవాళ్ళు ఈమధ్య వారానికి ఇద్దరైనా ఉంటున్నారు. అందరిదీ దాదాపు ఒకటే కథ. హీరో పౌర్ణమి రాత్రి తోడేలుగా మారతాడు, ఆ సీన్ అదిరిపోతుంది, కామెంట్లు బాగా వస్తాయి, ఆ తర్వాత రెండో పౌర్ణమి వచ్చేసరికి ఏం రాయాలో తెలీక చేతులు ఆగిపోతాయి.

నాదీ అదే అనుభవం. నా మొదటి సీరియల్ 43 ఎపిసోడ్లు నడిచి ఆగిపోయింది, ఇప్పటికీ ఎవరో ఒకరు తర్వాతి భాగం ఎప్పుడు అని అడుగుతుంటే సిగ్గేస్తుంది. చాలా రోజులకి అర్థమైంది ఏంటంటే నా హీరో ఎలా మారతాడో పది పేజీలు రాసుకున్నా గానీ వాడు మళ్ళీ మనిషి ఎలా అవుతాడో ఒక్క లైన్ కూడా రాసుకోలేదు, తెల్లారేసరికి ఊరికే మనిషైపోయేవాడు. అలా ఫ్రీగా తిరిగొచ్చేవాడికి భయం ఎందుకుంటుంది, చదివేవాళ్ళకి టెన్షన్ ఎందుకుంటుంది?

అందుకే కింద రాసిన స్టెప్స్ అన్నీ ఆ ఒక్క పాయింట్ చుట్టూనే తిరుగుతాయి. వరుసలో చేయండి, మధ్యలోంచి మొదలుపెడితే మళ్ళీ వెనక్కి రావాల్సొస్తుంది.

1. రాయకముందు ఐదు ప్రశ్నలు

ఒక తెల్ల కాగితం తీసుకోండి. ఒక్కో ప్రశ్నకి ఒక్క లైన్ జవాబు రాయండి, రెండో లైన్ కావాల్సొచ్చిందంటే మీకింకా క్లారిటీ రాలేదని అర్థం.

- ఎలా మారతాడు? తోలు కప్పుకుంటాడా, బెల్టు కట్టుకుంటాడా, శాపమా, కాటా, పుట్టుకతోనేనా?
- ఎప్పుడు మారతాడు? ఇష్టపడితేనా, ఇష్టం లేకపోయినానా?
- మారాక బుర్ర ఎవరిది? మనిషిదా, తోడేలుదా, సగం సగమా?
- తిరిగి ఎలా వస్తాడు?
- ఆ తిరిగి రావడాన్ని ఎవరు, ఎలా ఆపగలరు?

చాలామంది మొదటి ప్రశ్నకే మూడు రోజులు ఖర్చుపెడతారు. నా సలహా అయితే నాలుగో ప్రశ్న ముందు తీసుకోండి, ఐదోది దాని వెంటనే. మీ నవల ప్లాట్ అంతా ఆ రెండిట్లోనే ఉంటుంది, మిగతా మూడూ దానికి తగ్గట్టు సర్దుకుంటాయి.

2. పాత కథల్లోంచి ముడిసరుకు తెచ్చుకోండి

వెండి బుల్లెట్, కరిస్తే అంటుకోవడం, పౌర్ణమికి తప్పనిసరిగా మారడం, ఇవన్నీ ఒక ప్యాకేజీగా మన దాకా వచ్చింది ఎక్కువగా 20వ శతాబ్దపు హాలీవుడ్ నుంచే. వాడుకోండి, తప్పేం లేదు, కానీ దాన్నే పురాణం అనుకుని ఆగిపోకండి. అంతకుముందు కథలు చూస్తే ఒక తమాషా కనపడుతుంది. చాలావాటిల్లో గొడవ బట్టల దగ్గరో, ఒంటి మీద వేసుకునేదాని దగ్గరో.

రోమన్ల కాలంలో పెట్రోనియస్ రాసిన ఒక కథలో సైనికుడు సమాధుల పక్కన బట్టలన్నీ విప్పి చుట్టూ మూత్రం పోసి తోడేలైపోతాడు, తోడుగా వచ్చినవాడు ఆ బట్టలు తీద్దామని చూస్తే అవి రాయి అయిపోయి ఉంటాయి. అదే రాత్రి ఒక ఇంటి గొర్రెల మీద తోడేలు పడుతుంది, పనివాడు దాని మెడలో ఈటె దింపుతాడు, పొద్దున సైనికుడు మంచం మీద, వైద్యుడు వాడి మెడకి కట్టు కడుతూ. ఆ కథలో వెన్నెల కూడా ఉంది, కాకపోతే దారి కనపడటానికి మాత్రమే.

12వ శతాబ్దంలో మరీ ద ఫ్రాన్స్ అనే కవయిత్రి చెప్పిన బిస్క్లావ్రే కథలో ఒక బారన్ (జమీందారు లాంటి దొర) వారానికి మూడు రోజులు మాయమైపోతుంటాడు. పెళ్ళాం గుచ్చి గుచ్చి అడిగితే నిజం చెప్పేస్తాడు, బట్టలు ఎక్కడ దాస్తాడో కూడా చెప్పేస్తాడు. ఆవిడ తన మీద మనసుపడ్డ ఒక నైట్ (గుర్రపు వీరుడు) చేత ఆ బట్టలు ఎత్తించేస్తుంది. అంతే, తోడేలుగానే ఉండిపోతాడు. చివర్లో బట్టలు దొరికినా అందరి ముందూ తోడేలు వాటి వంక కూడా చూడదు, గదిలో ఒంటరిగా వదిలాకే మనిషవుతాడు. ఆ సిగ్గు చూడండి, ఎముకలు విరగడం గురించి పది పేజీలు రాసినా రాని నమ్మకం దాంతో వస్తుంది.

పాత స్కాండినేవియా వాళ్ళ (నార్స్) వోల్సుంగ గాథలో సిగ్‌మండ్, అతని కొడుకు తోడేలు తోళ్ళు కప్పుకుంటారు, పదో రోజు దాకా విప్పలేరు, విప్పగలిగిన రోజున వాటిని కాల్చేస్తారు. జర్మనీలో కొలోన్ దగ్గర 1589లో చంపేసిన పీటర్ స్టంప్ అనే ఆయన దెయ్యం ఇచ్చిన బెల్టు కట్టుకుంటే తోడేలు, విప్పితే మనిషి అని ఒప్పుకున్నాడు. ఒప్పుకుంది చిత్రహింస భయంతో, ఆ బెల్టు కోసం వెతికితే ఏమీ దొరకలేదు.

నాకు అన్నిట్లోకీ ఇష్టమైనది లివోనియా ముసలాయన తీస్ కేసు, ఇప్పటి లాట్వియా ప్రాంతం. 1690ల మొదట్లో చర్చిలో దొంగతనం కేసుకి సాక్షిగా పిలిస్తే, 80 ఏళ్ళ మనిషి, జడ్జీల ముందు నేను తోడేలు మనిషినే అని మామూలుగా చెప్పేశాడు. పైగా మేం దేవుడి వేటకుక్కలం, ఏడాదికి మూడు రాత్రులు నరకానికి వెళ్ళి మంత్రగాళ్ళు ఎత్తుకుపోయిన పంటల సారం వెనక్కి తెస్తాం అన్నాడు. ఆ కొట్లాటలోనే చీపురు కర్రతో ముక్కు పగిలిందట. దీన్ని ఇంకొకరికి ఎలా ఇస్తావు అంటే కూజాలోకి మూడుసార్లు ఊది, నాకైనట్టే నీకూ అవ్వాలి అని అందిస్తే చాలు అన్నాడు. చర్చి పాస్టర్ ఎంత చెప్పినా మేం చేసేది పాపం అని ఒప్పుకోలేదు. కొరడా దెబ్బలు, ఊరి నుంచి వెలి, ఇదీ శిక్ష.

ఒక్క కేసులో ఎంత సరుకుందో చూడండి. తోడేలు మనిషి రైతుల పక్షాన, మంత్రగాళ్ళు శత్రువులు, నరకం ఒక ధాన్యం గాదె, చర్చి అనుమానంగా చూస్తుంది, హీరోకి 80 ఏళ్ళు, విరిగిన ముక్కు. తోడేలు, పురాణం, మ్యాజిక్ మూడూ కలిసిన నవల కావాలంటే ఇంతకంటే మంచి పునాది నాకు కనపడలేదు. కింద ఉదాహరణలకి నేను ఇదే వాడతా, మీరు వేరేది తీసుకోండి.

ఈ స్టెప్ అయ్యేసరికి మీ దగ్గర ఉండాల్సినవి:
- పాత కథలు మూడు, ఒక్కోటి ఐదు లైన్లలో, మీ మాటల్లో
- ఒక్కోదాంట్లో తిరిగొచ్చే దారి ఏంటో అండర్‌లైన్ చేసి
- వాటిల్లో మీరు తీసుకునేది ఒక్కటే, మిగతా రెండూ పక్కన పెట్టేశారని టిక్

మూడూ కలిపి వాడదాం అనిపిస్తుంది. వద్దు. తోలూ, కాటూ, శాపమూ మూడూ ఉంటే రూల్స్ గుర్తుపెట్టుకోలేక మీకే తల తిరుగుతుంది.

3. అసలు తోడేలు గురించి ఒక పూట హోంవర్క్

ఇది స్కిప్ చేస్తే కుక్కలో సింహంలో రాస్తారు, పేరు మాత్రం తోడేలు అని ఉంటుంది.

ఆల్ఫా గొడవ ముందు తేల్చుకోండి. గుంపులో కొట్టుకుని గెలిచినవాడే లీడర్ అన్న ఐడియా సంబంధం లేని తోడేళ్ళని ఒకే ఎన్‌క్లోజర్‌లో పడేసి చూసిన రోజులది. దాన్ని 1970లో తన పుస్తకంతో బాగా పాపులర్ చేసిన డేవిడ్ మెక్ అనే శాస్త్రవేత్తే తర్వాత 1999లో అడవిలో అలా ఉండదు అని రాశాడు. అడవిలో గుంపంటే చాలావరకు ఒక కుటుంబం, అమ్మ నాన్న, ఈ ఏడాది పిల్లలు, పోయినేడాది పిల్లలు. అంటే మీ గుంపులో డ్రామా ఆఫీస్ బాస్ టైపులో కాకుండా ఉమ్మడి కుటుంబం టైపులో ఉండాలి, పెద్దకొడుకు వేరుపడిపోవడం, చెల్లెలు పిల్లల్ని చూసుకోవడం, ఎవరు ముందు తినాలి. తెలుగులో ఇది మనకంటే బాగా ఎవరు రాస్తారు చెప్పండి.

ఇంకొన్ని పనికొచ్చేవి:
- ఊళ వేసేది చంద్రుణ్ణి చూసి కాదు, దూరంగా ఉన్న తనవాళ్ళకి కబురు, పక్క గుంపుకి హెచ్చరిక
- ఎరుపు మనలా కనపడదు, నీలం పసుపు వైపు రంగులే తెలుస్తాయి, కాబట్టి తోడేలు కళ్ళలోంచి రాసేటప్పుడు "ఎర్రటి రక్తం" అని రాయకండి, వాసన రాయండి
- మన దక్కన్ మెట్టల్లో తిరిగే తోడేలు చిన్నది, 20 కిలోల చుట్టుపక్కల, యూరప్ తోడేలు దానికి దాదాపు రెట్టింపు

బరువు లెక్క కూడా ఇక్కడే తేల్చేయండి. 70 కిలోల మనిషి 40 కిలోల తోడేలైతే మిగతా 30 ఎటు పోయింది? మీరు కథలో చెప్పకపోయినా పర్లేదు, మీకు మాత్రం తెలియాలి. నేనైతే ఆకలిలోకి పంపేస్తా. మారినప్పుడల్లా విపరీతమైన ఆకలి, తిరిగొచ్చాక రెండు రోజులు కుండలు ఖాళీ. భీముణ్ణి వృకోదరుడు అంటారు కదా, తోడేలు కడుపువాడు అని, ఆ మాట ఇలాంటి చోట తెలుగు పాఠకుడికి వెంటనే తగులుతుంది.

4. చంద్రుడి క్యాలెండర్ కట్టుకోండి

మీ కథలో పౌర్ణమికి పని ఉంటేనే ఈ స్టెప్. ఉంటే మాత్రం ఇది చాలా సీరియస్, ఎందుకంటే మనవాళ్ళకి పంచాంగం అలవాటు, దొరికిపోతారు. ఒక సీరియల్లో సోమవారం పౌర్ణమి, మళ్ళీ పై మంగళవారం ఇంకో పౌర్ణమి చదివా నేను.

- పౌర్ణమికీ పౌర్ణమికీ మధ్య సుమారు 29న్నర రోజులు, ఏడాదికి 12 లేదా 13
- పౌర్ణమి చంద్రుడు సూర్యాస్తమయం వేళకి తూర్పున పొడుస్తాడు, అర్ధరాత్రి ఎత్తులో ఉంటాడు, తెల్లారేసరికి పడమట దిగుతాడు
- తర్వాత రోజు నుంచి రోజుకి సగటున 50 నిమిషాలు లేటు
- బహుళ అష్టమికి అర్ధరాత్రి ప్రాంతంలో పొడుస్తాడు, శుద్ధ విదియ నెలవంక పొద్దుగూకాక పడమట కాసేపు కనపడి పోతుంది, అర్ధరాత్రి ఆకాశంలో నెలవంక అని రాయకండి

రాత్రి ఎంత పొడుగో కూడా చూస్కోండి. హైదరాబాద్‌లో జూన్ రాత్రి 11 గంటలు, డిసెంబర్ రాత్రి 13, పెద్ద తేడా లేదు. అదే తీస్ వాళ్ళ లాట్వియాలో జూన్ రాత్రి ఆరు గంటలే, అది కూడా పూర్తిగా చీకటి పడదు, డిసెంబర్‌లో 17 గంటలు. తీస్ చెప్పిన మూడు రాత్రుల్లో ఒకటి డిసెంబర్ లూసియా పండగ, ఒకటి జూన్ చివర సెయింట్ జాన్ రాత్రి. అంటే ఒకదాంట్లో బోల్డంత టైమ్, ఇంకోదాంట్లో నరకానికి వెళ్ళి రావడానికి ఆరు గంటలు. క్లైమాక్స్ ఏ రాత్రి పెట్టుకోవాలో దానికదే తేలిపోయింది చూశారా.

ఒక పాత క్యాలెండర్ తీసుకుని 12 నెలలకీ పౌర్ణమి గుర్తులు పెట్టి, ఏ అధ్యాయం ఏ తేదీనో పెన్సిల్‌తో రాయండి. పెన్ వద్దు, మారుతుంది.

5. మ్యాజిక్‌కి ధర పెట్టండి

మ్యాజిక్ ఏం చేయగలదు అన్నది అందరూ రాస్తారు. ధర ఎవరు కడతారు అన్నది రాయాలి, ప్రతిసారీ, అప్పు లేకుండా.

మూడు గళ్ళు గీయండి. మొదటి గడిలో పని, రెండో గడిలో ధర, మూడో గడిలో ధర కట్టేది ఎవరు. ఉదాహరణకి నా లివోనియా నవలలో పంట సారం వెనక్కి తేవడం పని, తెచ్చిన ప్రతిసారీ ఒక మనిషి మొహం మర్చిపోవడం ధర, కట్టేది తోడేలు మనిషి. మొదటి ఏడు పక్కూరి కమ్మరి మొహం పోయింది, ఎవడికి కావాలి. ఐదో ఏడు కూతురి మొహం పోతుంది. ఇక్కడ ప్లాట్ కోసం నేను బుర్ర బద్దలు కొట్టుకోలేదు, ధర పెట్టేసరికి అదే నడిచింది.

ధర హీరోకి ఏం ఫరక్ పడనిదైతే, ఊరికే నీరసం వచ్చి కళ్ళు తిరిగి పడిపోవడం లాంటిదైతే, అది ధర కింద లెక్కరాదు. గ్లూకోజ్ తాగితే సరిపోయేదానికి నవల ఎందుకు.

6. కథ ఎక్కడ జరుగుతుందో తేల్చుకోండి

రెండు దారులున్నాయి. రెండూ మంచివే, కలపడమే ప్రమాదం.

యూరప్‌లో పెడితే యూరప్‌లాగే ఉండనివ్వండి. రై రొట్టె, మంచు, చర్చి గంట, ఆవిరి స్నానాల గది. అక్కడ ఇడ్లీ పొయ్యి పెట్టకండి, అలాగని ప్రతి పేజీలో ఓక్ చెట్లు కూడా అక్కర్లేదు.

మన దగ్గర పెడితే ఒక చిక్కుంది. మనకి పౌర్ణమి అంటే భయం లేదు. వెన్నెల్లో అన్నాలు, సత్యనారాయణ వ్రతం, కార్తీక దీపాలు. భయం అంతా అమావాస్యకే. కాబట్టి ఊళ్ళో నానమ్మ "ఇవాళ పున్నమి, బయటికెళ్ళకు" అంటే చదివేవాడికి డబ్బింగ్ సినిమా వాసనొస్తుంది. దీనికి రెండు రిపేర్లు: మారే రాత్రిని అమావాస్యకి మార్చేయండి, లేదంటే అందరూ ఆరుబయట హాయిగా ఉన్న పున్నమి రాత్రే ఒక్కడు మాత్రం తలుపేసుకుని కూర్చోవడంలో ఉన్న వింతని వాడుకోండి. రెండోది ఎక్కువ కష్టం, కుదిరితే మాత్రం బ్రహ్మాండంగా ఉంటుంది.

రూపం మారడం మనకి కొత్తేం కాదు కూడా. రామాయణంలో వానరులూ రాక్షసులూ కామరూపులు, అనుకున్న రూపం ఎత్తగలరు. భారతం ఆదిపర్వంలో కల్మాషపాదుడు అనే రాజు ఉన్నాడు, ఇరుకు దారిలో నువ్వు తప్పుకో అంటే నువ్వు తప్పుకో అని వసిష్ఠుడి కొడుకు శక్తిని కొరడాతో కొట్టి, శాపం తగిలి నరమాంసం తినే రాక్షసుడై, మొట్టమొదట ఆ శక్తినే తినేస్తాడు. పన్నెండేళ్ళ తర్వాత విడిపించింది ఎవరో తెలుసా, కొడుకుని పోగొట్టుకున్న వసిష్ఠుడే. తిరిగి ఎలా వస్తాడు అన్న నాలుగో ప్రశ్నకి ఇంత బలమైన జవాబు యూరప్ కథల్లో కూడా నాకు దొరకలేదు.

ఒక్క జాగ్రత్త. బాణామతి, చేతబడి పేర్లు ఊరికే మసాలాకి వాడకండి. ఆ అనుమానంతో మన పల్లెల్లో నిజంగా మనుషుల్ని కొట్టారు, చంపారు. వాడితే అనుమానించేవాళ్ళ పిచ్చి కూడా కథలో ఉండాలి, ఊళ్ళో ఒంటరి ముసలమ్మని తీసుకెళ్ళి విలన్ చేసేయకండి.

7. మారే సీన్: తెలుగు వ్యాకరణం మీ చేతిలో ఆయుధం

అందరూ ఎక్కువ అడిగేది ఇదే కాబట్టి కొంచెం నిదానంగా చెప్తా.

మామూలుగా వచ్చే వెర్షన్ ఇలా ఉంటుంది: "అతని ఎముకలు ఫట్ ఫట్‌మని విరిగాయి. ఒళ్ళంతా వెంట్రుకలు మొలిచాయి. అతను భయంకరంగా అరిచాడు. అతను తోడేలుగా మారిపోయాడు."

ఇది బయట నిలబడి చూసి రాసింది. సినిమాలో చూసిందే మళ్ళీ రాస్తున్నాం. ఇప్పుడు లోపల్నుంచి:

"యోహాన్ గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. పొయ్యి మీద గంజి మాడుతున్న వాసన. దాని కింద తడి ఉన్ని వాసన. దాని కింద, అటక మీద ఎలుక. ఎలుక గుండె కొట్టుకుంటోంది. అది నాకు వినపడకూడదు కదా అనుకున్నాడు. గుమ్మం ఎత్తు పెరిగింది. ఎర్ర దుప్పటి రంగు పోయింది. ఎవరో పిలిచారు, రెండక్షరాలు, ఎవరి పేరో తెలీలేదు. ముక్కు పైకెత్తింది."

చివరి క్రియ చూడండి. నిలబడ్డాడు, అనుకున్నాడు, పైకెత్తింది. "అతను" నుంచి "అది"కి మారిపోయాం, ఎక్కడా చెప్పలేదు, క్రియ చివర్లో రెండక్షరాలు మారాయంతే. ఇంగ్లీషులో రాసేవాళ్ళకి క్రియలో ఈ సౌకర్యం లేదు, మనకి ఉచితంగా ఉంది, వాడుకోకపోతే మన తప్పే.

ఆడమనిషి మారితే ఇంకా మజా. ఆమె వచ్చింది, అది వచ్చింది, క్రియ ఒకటే. సర్వనామం తీసేయండి: "గుమ్మం దాటింది. వాకిట్లో ఆగి గాలి పీల్చింది. దొడ్డి వైపు నడిచింది." ఎవరు నడిచారు? పేజీ మొత్తం ఇలా నడిపి, చదివేవాడు ఏ వాక్యం దగ్గర మారిందో వెనక్కెళ్ళి వెతుక్కునేలా చేయొచ్చు. గుంపులో పెద్దావిడ అయితే అప్పటిదాకా "అన్నారు, వచ్చారు" అని గౌరవంగా రాసి, ఒక్కసారి "వచ్చింది" అని పడేస్తే గుండె ఝల్లుమంటుంది.

సీన్ వరుస ఇలా పెట్టుకోండి:
- ముందు వాసన, తర్వాత చప్పుడు, చూపు ఆఖర్న
- మాటలు అర్థం కాకుండా పోవడం, ముందు పెద్ద మాటలు, చివరికి సొంత పేరు
- నొప్పి ఒక్క లైన్ చాలు
- బట్టలు ఎక్కడ విప్పాడు, ఎక్కడ పెట్టాడు, ఇది తప్పకుండా

తిరిగొచ్చే సీన్‌కి అదే వరుస తిరగేయండి. పేరు ముందు వస్తుంది, వాసనలు ఒక్కోటి ఆరిపోతాయి. ప్రపంచం ఒక్కసారిగా చప్పబడిపోయినట్టు ఉండాలి, తిరిగొచ్చినందుకు కొంచెం బాధ కూడా ఉంటే ఇంకా మంచిది.

8. తెల్లారి

రాత్రికి రెండు పేజీలు రాస్తే తెల్లారికి నాలుగు రాయండి. అసలు నవల అక్కడే ఉంటుంది. గోళ్ళలో మట్టి ఎక్కడిది, పళ్ళ మధ్య ఇరుక్కున్నది ఏంటి, అది ఉన్నినా వెంట్రుకా, చలిలో ఒంటి మీద నూలుపోగు లేకుండా ఎన్ని మైళ్ళు నడిచి ఇంటికి చేరాడు, దారిలో ఎవరు చూశారు, భార్య ఏం అడగలేదు. ఆ అడగకపోవడం రాయండి.

9. అధ్యాయాల వరుస

30 అధ్యాయాల నవల అనుకుంటే నేను వేసుకునే లెక్క ఇది, ఒకటి రెండు అటూ ఇటూ.

1 నుంచి 3: మామూలు బతుకు, కానీ ఏదో ఒక తెల్లారి తప్పుగా ఉంది. మారడం చూపించకండి.
4, 5: ఇంకొకరి కళ్ళతో తోడేలు. గొర్రెలు, అడుగుజాడలు, అడుగుజాడలు మధ్యలో మనిషి పాదాలైపోవడం.
6 నుంచి 8: మొదటిసారి లోపల్నుంచి మారే సీన్, తిరిగొచ్చే దారి రూల్ చదివేవాడికి పూర్తిగా తెలిసిపోవాలి.
9 నుంచి 14: మ్యాజిక్ వాడకం, ధరలు, చిన్నవి.
15, 16: అబద్ధపు గెలుపు.

ఈ అబద్ధపు గెలుపు గురించి ఒక మాట. ఫ్రాన్స్‌లో జెవోదాన్ ప్రాంతంలో 1764 నుంచి ఏదో మృగం మనుషుల్ని చంపుతుంటే రాజు వేటగాణ్ణి పంపాడు, 1765 సెప్టెంబర్‌లో ఆయన ఒక పెద్ద తోడేల్ని కొట్టి, దాన్ని రాజు ఉండే వెర్సాయ్‌కి పంపించి, పని అయిపోయింది అనిపించుకున్నాడు. కొన్ని నెలలకే మళ్ళీ చావులు మొదలు, 1767 జూన్ దాకా ఆగలేదు, ఈసారి రాజధానికి పట్టలేదు. మధ్యలో కథ చప్పబడుతోందంటే ఇదే చేయండి. ఊరంతా పండగ చేసుకోనివ్వండి, ఎవరో ఒక తప్పుడు తోడేలు శవాన్ని ఊరేగించనివ్వండి.

17 నుంచి 23: ఇప్పుడు నిజం చెప్తే నమ్మేవాళ్ళు లేరు, ధరలు పెద్దవవుతాయి.
24, 25: ఎవరో బట్టలు ఎత్తుకెళ్తారు. అంటే మీ కథలో తిరిగొచ్చే దారి ఏదైతే అది మూసుకుపోతుంది.
26 నుంచి 30: తెరవడానికి చివరి ధర, తర్వాత ఒక తెల్లారి.

సీరియల్‌గా వేసేవాళ్ళు కనీసం 8 వరకు రాసి పెట్టుకున్నాకే మొదటిది పోస్ట్ చేయండి. రోజు ఎపిసోడ్ రోజు రాస్తే రూల్ మారిపోతుంది, నా 43 ఎపిసోడ్లకి పట్టిన గతి అదే.

10. తరచూ దొర్లే తప్పులు, రిపేర్లు

తప్పు: ముసలి మాంత్రికుడు కూర్చోబెట్టి రూల్స్ అన్నీ మూడు పేజీలు చెప్పేయడం. రిపేరు: ఒక రూల్ ఒకడు తప్పాడు, ఏమైందో చూపించండి. ముసలాయన్ని ఉంచాలంటే సగం తప్పు చెప్పించండి.

తప్పు: తోడేలు మనిషి, రక్తపిశాచి, నాగకన్య, అఘోరా అందరూ ఒకే ఊళ్ళో. రిపేరు: ఇద్దరు చాలు, వాళ్ళిద్దరికీ ఒకే వస్తువు కావాలి.

తప్పు: చూడగానే "నువ్వే నా మేట్" (జోడీ) అని విధి రాసేసిందని ప్రేమ. ఇది బాగా నడుస్తుంది, తెలుసు, నేనూ చదువుతా. కానీ ఎంచుకునే హక్కు లేకపోతే ప్రేమలో కథ ఉండదు. రిపేరు: విధి ఒకర్ని చూపిస్తే మనిషి ఇంకొకర్ని కోరుకోనివ్వండి, లేదా ఆ అమ్మాయి కాదనగలిగేలా పెట్టండి.

తప్పు: వేర్‌వుల్ఫ్, నరవృకం, తోడేలు మనిషి, వృకమానవుడు నాలుగూ మార్చి మార్చి రాయడం. రిపేరు: కథ చెప్పేవాడికి ఒక మాట, ఊరివాళ్ళకి ఒక మాట. ఊరివాళ్ళు అసలు పేరే పలక్కుండా "ఆ బూడిదరంగోడు" అంటే ఇంకా బాగుంటుంది.

తప్పు: గుంపు లీడర్ ప్రతి డైలాగూ గర్జించి చెప్పడం. రిపేరు: ఇంటి పెద్ద ఎప్పుడు మెల్లగా మాట్లాడతాడో గుర్తు తెచ్చుకోండి.

11. పోస్ట్ చేసే ముందు

- ఐదు ప్రశ్నల కాగితం మళ్ళీ చదివారా, ఎక్కడైనా మీ రూల్ మీరే తప్పారా
- ప్రతి పౌర్ణమి తేదీ క్యాలెండర్‌తో సరిపోయిందా
- తోడేలు కళ్ళలోంచి రాసిన పేజీల్లో ఎరుపు అన్న మాట వెతికి తీసేశారా
- ప్రతి మ్యాజిక్‌కీ మూడు గళ్ళూ నిండాయా
- ధర ఎక్కడైనా బాకీ ఉందా

చివరగా ఒక పని, అరగంట పడుతుంది. డ్రాఫ్ట్ ప్రింట్ తీసి రెండు స్కెచ్ పెన్నులు పట్టుకోండి. బట్టలు విప్పిన చోట నీలం గీత, మళ్ళీ తొడుక్కున్న చోట ఆకుపచ్చ గీత. నీలం లెక్కా ఆకుపచ్చ లెక్కా సమానంగా వస్తే మీవాడు ప్రతిసారీ క్షేమంగా ఇంటికొచ్చేస్తున్నాడు, ఇంకోసారి తిరగరాయండి. నీలం ఒకటి ఎక్కువుంటే ఆ బట్టలు ఇప్పుడు ఎవరింట్లో ఉన్నాయో మీకు తెలుసు కదా, ఆ ఇంటి తలుపు దగ్గర నుంచి 24వ అధ్యాయం మొదలుపెట్టండి.